పెద్ద పిల్లిని తెచ్చుకున్న ఇంటికి ఊరు చెప్పే తప్పుడు చిట్కాలు

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే రోడ్డు మీద మా పాండూరు. చెన్నైకి కాపురం మార్చేవాళ్ళు, చదువు ముగించి గది ఖాళీ చేసే విద్యార్థులు, పెద్దవయసులో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్ళిపోయే దంపతులు వెళ్తూ వెళ్తూ మూడేళ్ళదో అయిదేళ్ళదో ఒక పిల్లిని ఎవరో ఒకరి చేతుల్లో పెడతారు. తీసుకున్నవాళ్ళది మంచి మనసే. చిక్కంతా మర్నాటి నుంచి గడప తొక్కే సలహాలతో. వాటిలో కొన్ని ఉత్త కాలక్షేపం, కొన్ని పిల్లి ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

అందరికంటే ముందు వినిపించే మాట: "పెద్ద పిల్లి మాలిమి కాదు, కూననే తెచ్చుకోవాల్సింది." ఇది తప్పు. అమెరికాలో ఒరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఒక పరిశీలన ప్రచురించారు. పిల్లిని, దాన్ని పెంచే మనిషిని ఒక తెలియని గదిలో రెండు నిమిషాలు ఉంచారు. తర్వాత రెండు నిమిషాలు పిల్లిని ఒంటరిగా వదిలి, మళ్ళీ ఆ మనిషిని లోపలికి పంపారు. మనిషి రాగానే కుదుటపడి, ధైర్యంగా గది చూసుకోవడం మొదలుపెట్టినవి కూనల్లో సుమారు 64 శాతం, పెద్ద పిల్లుల్లో సుమారు 66 శాతం. వయసు వచ్చినంత మాత్రాన మనిషి మీద నమ్మకం తగ్గదు. కాకపోతే పెద్ద పిల్లికి ముందు చోటు కుదరాలి, ఆ తర్వాతే మనిషి. ఊరు చెప్పే సలహాలన్నీ ఈ వరుసను తిరగేసి, మొదటి రోజే దాన్ని మనదాన్ని చేసేయాలని చూస్తాయి.

"గోనెసంచిలో వేసి మూతి కట్టి తీసుకురా, దారి తెలియకుండా ఉంటుంది." అక్కర్లేని పిల్లిని సంచిలో వేసి ఏరు దాటించే అలవాటు నుంచి పుట్టిన మాట ఇది. వదిలించుకునే పద్ధతితో పెంచుకునే పిల్లిని తెస్తారా? మన వైపు మే నెల ఎండలో మూతి కట్టిన సంచి లోపల గాలి ఆడదు. పిల్లి కుక్కలాగా నోరు తెరిచి రొప్పిందంటే అది ప్రమాదంలో ఉన్నట్టే. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట చాలు. అడుగున పాత ఇంట్లో అది పడుకున్న గుడ్డ పరవండి, పైన పల్చటి తువ్వాలు కప్పండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బయల్దేరండి.

ఆ గుడ్డ గురించి ఇంకొక్క మాట. దాన్ని ఉతకకండి. "పాత గుడ్డ పారేసి, వాకిట్లోనే తలారా నీళ్ళు పోసి లోపలికి రానీ" అని పెద్దవాళ్ళు పట్టుబడతారు. శుచీ శుభ్రత వాళ్ళ పట్టింపు, కాదనను. కానీ కొత్త ఇంట్లో పిల్లికి తెలిసినది ఒక్కటే, తన ఒంటి వాసన. ఆ గుడ్డకున్న వాసనా, ఒంటికున్న వాసనా రెండూ కడిగేస్తే దానికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. పిల్లి తన ఒళ్ళు తనే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. స్నానం అవసరమైతే నెల తర్వాత చూడొచ్చు.

"ఇల్లంతా తిప్పి చూపించండి" అన్నది చాలా మంచిమాటలా వినిపిస్తుంది. కొందరు పిల్లిని చంకనేసుకుని వంటిల్లు, పడకటిల్లు, పెరడు అన్నీ తిప్పుతారు. అది చెయ్యకండి. మొదట ఒకే ఒక్క గది. మన ఊళ్ళలో ఇదే అసలు కష్టం, ఎందుకంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా వీధి తలుపు తెరిచే ఉంటుంది. పెంకుటిల్లయితే గోడకూ కప్పుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది, అందులోంచి పిల్లి జారిపోతుంది. అందుకని మిద్దె కింద గది ఎంచుకోండి. సామాన్ల గదైనా సరే, కిటికీకి జాలీ ఉంటే చాలు. గదిలో ఒక మూల తిండీ నీళ్ళూ, ఎదుటి మూల వెడల్పాటి టబ్బులో రెండు మూడు అంగుళాల మందాన పొడి ఇసుక. తిండి పక్కనే ఇసుక పెడితే దాన్ని వాడదు. రోజుకు రెండుసార్లు మురికి తీసేయాలి. కనీసం రెండు వారాలు, బెదురుపోతు పిల్లయితే నాలుగు వారాలు, దాని లోకం ఆ గదే.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ హాని చేసే సలహా. పిల్లి వచ్చీరాగానే బియ్యం డ్రమ్ము వెనకో బీరువా కిందో దూరుతుంది. "లాగి బయట పెట్టండి, నాలుగుసార్లు ఎత్తుకుంటే భయం అదే పోతుంది" అంటారు. పసిబిడ్డను చూడటానికి వచ్చినట్టు ఇరుగూపొరుగూ వచ్చి టార్చి వేసి చూస్తారు. డ్రమ్ము వెనక ఉన్న ఆ పిల్లిని ఒకసారి నిదానంగా గమనించండి. నాలుగు కాళ్ళూ ఒంటి కిందికి మడిచి పెట్టుకుని ఉంటుంది. కంటిపాప నల్లగా కన్నంతా నిండి ఉంటుంది. చెవులు పక్కలకు వాలి, మిక్సీ తిరిగినా కుక్కరు కూత పెట్టినా ఒక్కో చెవి ఒక్కో వైపు తిరుగుతుంది. అది పొగరు కాదు, అలక కాదు. ఆ సందులో ఉన్నంతసేపు ఎవరూ వెనక నుంచి రాలేరన్న ధైర్యం ఒక్కటే దానికి ఉంది. దాన్ని లాక్కోవడం మంచిది కాదు.

నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ పరిశోధకులు 2014లో ఇదే తేల్చారు. శరణాలయానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కోవడానికి పెట్టె ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్నవి మూడో రోజుకల్లా మిగతావాటి కంటే బాగా తేరుకున్నాయి. దాక్కోనిస్తేనే భయం త్వరగా తగ్గుతుందన్నమాట. అంగట్లో అడిగితే అట్టపెట్టె ఊరికే ఇస్తారు. పక్కకు రంధ్రం కోసి, పాత గుడ్డ మీద గోడవారగా బోర్లించండి. దాన్ని మీరు జరపకండి, పిల్లలను జరపనివ్వకండి.

లాగేటప్పుడు పిల్లి కరిచినా, గోళ్ళతో రక్తం వచ్చేట్టు గీరినా "చిన్నదేలే, పసుపు పెట్టు" అంటారు. పిల్లి నుంచి కూడా రేబిస్ వస్తుంది. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పిల్లికి రేబిస్ టీకా, మిగతా టీకాలు పడ్డాయో లేదో పాత ఇంటివాళ్ళను తెచ్చుకునే రోజే అడిగి ఉంచుకోండి.

"కళ్ళలో కళ్ళు పెట్టి చూడు, ప్రేమ తెలుస్తుంది." మనుషుల మధ్య నిజమే కావచ్చు. రెప్ప వెయ్యకుండా చూసే చూపు పిల్లికి బెదిరింపు. గదిలోకి వెళ్ళి, పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి, పేపరు చదువుకోండి. చూపు కలిస్తే కళ్ళు సగం మూసి నెమ్మదిగా తెరవండి. ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన పరిశీలనలో, ఇలా నెమ్మదిగా రెప్పవేసిన మనిషి చాచిన చెయ్యి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయి. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అది బయటికొచ్చి దవడను డ్రమ్ము అంచుకు రాసుకుని, తర్వాత మీ మోకాలికి రాస్తుంది. అప్పుడు కూడా ఎత్తుకోకండి. చెంప దగ్గర రెండు వేళ్ళతో నిమిరి ఊరుకోండి.

తిండి సంగతి. "ఆకలేస్తే అదే వస్తుంది, అప్పటిదాకా పెట్టొద్దు" అనే మాట కుక్కను చూసి చెప్పేది. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంటి కొవ్వు కాలేయంలో చేరి, కాలేయం పాడవుతుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఒక పగలూ ఒక రాత్రీ ముద్ద ముట్టకపోతే పశువైద్యుణ్ణి అడగండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం గురించి చెబుతారు. పెద్ద జబ్బయితే చెన్నై వేపేరిలో 1903 నాటి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పాత ఇంట్లో ఏం తినేదో అదే, అదే గిన్నెలో, అదే వేళకు పెట్టడం అన్నిటికంటే తేలికైన ఉపాయం.

"పాలు పోస్తే పడి ఉంటుంది." పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పడతాయి. మంచి నీళ్ళు పొయ్యండి. మాంసం వండని ఇళ్ళలో పెరుగన్నంతో సరిపెట్టాలని చూస్తారు. అది పిల్లికి చాలదు. టారిన్ అనే పదార్థం మాంసంలో, చేపలో ఉంటుంది, కూరా అన్నంలో ఉండదు. అది లేకపోతే కళ్ళు దెబ్బతింటాయని 1975లో, గుండె దెబ్బతింటుందని 1987లో శాస్త్రవేత్తలు రుజువు చేశారు. ఇంట్లో మాంసం వండని వాళ్ళు పిల్లుల కోసం తయారుచేసిన పొడి తిండి కొనండి. వండేవాళ్ళు ఉప్పూ కారం, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన కోడి మాంసమో చేపో ముళ్ళు తీసి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు.

"ఎలుకలు పట్టాలంటే కడుపు మాడ్చాలి" అన్నది కూడా ఇక్కడే కొట్టేద్దాం. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. ఇంట్లోనూ చేలోనూ ఎలుకల మందు పెట్టే అలవాటుంటే, మందు తిన్న ఎలుకను పట్టిన పిల్లి కూడా చనిపోవచ్చు. పిల్లి వచ్చాక ఆ మందు మానేయండి.

వాసన వస్తుందని గదంతా ఫినాయిల్‌తో తుడవమంటారు, మూలమూలా కలరా ఉండలు వెయ్యమంటారు. ఫినాయిల్‌లోని రసాయనాలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే అదంతా కడుపులోకి పోతుంది. కలరా ఉండలూ విషమే. సబ్బు నీళ్ళతో తుడిచి ఆరబెట్టండి. ఒళ్ళు వెచ్చగా ఉందని మనుషుల జ్వరం బిళ్ళ చిదిమి పాలల్లో కలిపి పోసేవాళ్ళున్నారు. పారాసిటమాల్ అర బిళ్ళ కూడా పిల్లిని చంపగలదు. కుక్కల ఒంటి పురుగులకు పోసే పెర్మెత్రిన్ మందూ అంతే. ఈ ఒక్క పేరాను వంటింటి గోడకు అంటించుకున్నా నాకు సంతోషమే.

"నాలుగు రోజులు మెడకు తాడేసి కట్టెయ్, ఎక్కడికీ పోదు." తద్దినాల రోజున వంట ముట్టకుండా పిల్లిని గంప కింద మూసినట్టు కాసేపటి సంగతి కాదు ఇది. తాడున్న పిల్లి గోడ ఎక్కి అవతలికి దూకితే మెడ బిగుసుకుంటుంది. గదికి తలుపు ఉండగా మెడకు తాడు ఎందుకు?

పేరు మార్చమనే వాళ్ళకు ఒక మాట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మనకు మామూలే. తమిళ ఇంట్లో కుట్టి అని పిలిపించుకున్న పిల్లిని మీరూ కుట్టి అనే పిలవండి. పిల్లులు తమ పేరును మిగతా మాటల నుంచి వేరుగా గుర్తుపడతాయని 2019లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఆ ఇంట్లో తిండివేళ చేసే చప్పుడు, గిన్నె మీద గరిట తట్టడమో నాలుకతో చేసే శబ్దమో, అదీ అడిగి నేర్చుకోండి.

ఎప్పుడైనా తప్పించుకుంటే "పాత ఇంటికి పోయుంటుంది, ఇక వదిలెయ్" అంటారు. వదలకండి. 2018లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. కొత్త చోట తప్పిపోయిన పిల్లి చాలాసార్లు దగ్గర్లోనే ఎక్కడో నక్కి, పిలిచినా పలకకుండా ఉంటుంది. రోడ్డు మీద లారీల సద్దు తగ్గిన రాత్రివేళ, టార్చి తీసుకుని పక్కిళ్ళ కట్టెల కుప్పలు, మేడమెట్ల కింది చోట్లు, గడ్డివాములు వెతకండి. దాని పాత గుడ్డ గుమ్మం పక్కన పెట్టండి. పొరుగువాళ్ళను తమ గదులు తెరిచి చూడమని అడగండి.

గది తలుపు తెరిచే రోజు తొందరలేదు. తింటోంది, ఇసుక వాడుతోంది, మిమ్మల్ని చూసి దాక్కోవడం మానింది అంటే ముందు ఇంట్లోకి వదలండి, వీధి తలుపు మూసే. పెరట్లోకి పంపాలనుకుంటే ముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. గండుపిల్లి తిరుగుళ్ళు, కొట్లాటలు దాంతో చాలా తగ్గుతాయి. మొదటిసారి తిండివేళకు కాస్త ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి అరగంట వదలండి. గిన్నె తట్టి పిలిచి లోపల పెట్టండి. దీపావళి వారంలో మాత్రం ఆ మొదటిసారి పెట్టుకోకండి. టపాకాయలన్నీ అయిపోయి, వీధి సద్దుమణిగాక చూసుకోవచ్చు.