పర్మిషన్ ఉన్న తిరుగుబాటు

వారంలో ఐదు రోజులు ఉద్యోగం చేసి, శని ఆదివారాలు కళను ‘ఎక్స్‌ప్లోర్’ చేసే ఔత్సాహిక చిత్రకారులు మన నగరాల్లో ఈమధ్య బాగా పెరిగారు. మొదట కొన్నాళ్లు నీటిరంగులు, ఆ తర్వాత స్ట్రీట్ ఆర్ట్. ఈ వరస ఊరికే కుదిరింది కాదు. నీటిరంగులు వేసేవాడిది సున్నితమైన మనసని లోకంలో ఒక పేరుంది. గోడ మీద బొమ్మ వేసేవాడికి తెగింపు ఎక్కువని ఇంకో పేరుంది. రెండు పేర్లూ ఒకే మనిషికి సెలవు రోజుల్లోనే దొరుకుతుంటే ఎవరు కాదంటారు? వీళ్ల బొమ్మలు బాగా లేవని నా ఫిర్యాదు కాదు. ఔత్సాహికుడి బొమ్మ బాగుండి తీరాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కానీ ఈ రెండు కళలకూ విలువ తెచ్చింది వాటిలో ఉన్న భయం: ఒకదానిలో చెయ్యి జారుతుందని, రెండోదానిలో చెయ్యి దొరికిపోతుందని. మనవాళ్లు ఆ భయాన్ని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, పేరును మాత్రం ఇంటికి తెచ్చుకుంటున్నారు. నా తగువంతా దాంతోనే.

నీటిరంగంటే రంగుపొడి, తుమ్మజాతి చెట్టు బంక, నీళ్లు. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి తెలుపును విడిగా పూయరు, కాగితపు తెలుపునే మిగుల్చుకోవాలి. ఎక్కడ మిగల్చాలో కుంచె తడపకముందే తెలిసుండాలి. తప్పు పడితే ఆయిల్ పెయింట్‌లోలాగా మీద ఇంకో పూత వేసి కప్పెట్టడం కుదరదు. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన దామెర్ల రామారావు ఆ కాస్త ఆయుష్షులో ఈ రంగుల్ని ఎలా లొంగదీసుకున్నాడో రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి వెళ్తే తెలుస్తుంది. మన అన్వేషకుడికి అంత దూరం వెళ్లే తీరిక లేదు. ఆయన ఈ కష్టానికి షాపింగ్ అనే విరుగుడు కనిపెట్టాడు. 300 జీఎస్ఎమ్ విదేశీ నూలు కాగితం, దాని చుట్టూ మాస్కింగ్ టేపు, తెల్లగా ఉండాల్సిన చోట ముందుగానే మాస్కింగ్ ఫ్లూయిడ్. తడి రంగు మీద ఉప్పు చల్లితే నక్షత్రాలు, ప్లాస్టిక్ కవరు అద్దితే బండరాళ్లు, పాత టూత్ బ్రష్ విదిలిస్తే మంచు. ఆఖరున టేపును మెల్లగా పీకుతున్న వీడియో. బొమ్మకన్నా ఆ పీకుడుకే లైకులెక్కువ. వరంగల్‌లో వేసినా, వైజాగ్‌లో వేసినా, డాలస్‌లో వేసినా అదే సరస్సు, అదే ఒంటరి పడవ, అదే ఎర్రటి సూర్యుడు. నీళ్లు తమ ఇష్టం వచ్చినట్టు ప్రవహిస్తాయనీ, ఆ స్వేచ్ఛే తనను ఆకట్టుకుందనీ కింద ఓ వ్యాఖ్య. ఆ నీళ్లు ఎటు పోవాలో నిమిషం వీడియో ముందే చెప్పేసిందన్న సంగతి మాత్రం రాయడు.

నీటిరంగుకి ఇంకో గుణం ఉంది, వెలుతురు తగిలితే వెలిసిపోతుంది. ఏ రంగు ఎంత త్వరగా పోతుందో 1888లోనే రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో పరీక్షలు చేసి నివేదిక ఇచ్చారు. హెన్రీ వాన్ అనే సేకర్త వీలునామాలో రాసిచ్చిన 38 నీటిరంగు చిత్రాలు, ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ వేసినవి, 1900లో ఎడిన్‌బరోలోని నేషనల్ గ్యాలరీకి చేరాయి. వాటిని ఎండ బలహీనంగా ఉండే జనవరి నెలలోనే జనానికి చూపించాలని ఆయన షరతు పెట్టాడు. ఆ జనవరి ఆనవాయితీ ఇంకా నడుస్తోంది. మన అన్వేషకుడు తన సరస్సుకు ఫ్రేము కట్టించి హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా తగిలిస్తాడు. టర్నర్‌కి ఏడాదికి ఒక నెల, ఈయనకి పన్నెండు నెలలు.

ఇక గోడ. అడగకుండా వేసినప్పుడు వీధిబొమ్మ చట్టం దృష్టిలో నేరం. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నిరోధిస్తూ చట్టం చేసింది. వీళ్లంతా తలుచుకునే బ్రిటిష్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ ఇన్నేళ్లు పేరు దాచుకోవడానికీ, పని చిటికెలో ముగిసే స్టెన్సిల్ పద్ధతి పట్టుకోవడానికీ పోలీసుల భయమే కారణం. మన తిరుగుబాటుదారు ముందు దరఖాస్తు పెట్టుకుంటాడు. కమిషనర్ గారి అనుమతి వస్తుంది, ఆదివారం పొద్దున షామియానా లేస్తుంది, ఉప్మా వస్తుంది, గ్రూప్ ఫొటో అవుతుంది. గోడ మీద భూగోళాన్ని మోస్తున్న రెండు చేతులు, ఒక మొక్క, ఒక నీటిబొట్టు, తెలుగు గోడకి ఏ సంబంధమో తెలియని ఒక కథకళి ముఖం. ఎవరినీ నొప్పించవు కాబట్టి ఎవరూ ఆగి చూడరు. మూలన ఇన్‌స్టాగ్రామ్ పేరు మాత్రం రోడ్డు అవతలికి కూడా కనిపిస్తుంది. నేరం చేసిన చోట అడ్రసు రాసి వెళ్లే తిరుగుబాటు ప్రపంచంలో ఇదొక్కటే. 2016లో స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు వచ్చాక మున్సిపాలిటీలకూ గోడల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గోడకి రంగు పడితే ఫొటోలో ఊరు శుభ్రంగా కనిపిస్తుంది, కిందున్న చెత్తకుప్పను ఫ్రేములోంచి తప్పిస్తే సరి. ప్రహరీ గోడకి దేవుళ్ల టైల్స్ అంటించే ఇంటి యజమాని వీళ్లకన్నా నిజాయితీపరుడు. అక్కడ ఎవరూ మూత్రం పోయకూడదన్న తన ఉద్దేశాన్ని దాచుకోడు.

ఒత్తిడి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ఏదో సరదా తీర్చుకుంటే మీకేం పోయిందని అడగవచ్చు. సరదా అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. సరదాను సరదా అనకుండా అన్వేషణ అని, వ్యవస్థపై ప్రశ్న అని ప్రకటిస్తేనే దాన్ని ఆ తూకంలో తూచాల్సి వస్తుంది. ఢిల్లీ లోధీ కాలనీలో, హైదరాబాద్ మక్తాలో బొమ్మలు అనుమతితో వేసినవే కదా అని మరో వాదన. నిజమే, అవి మంచి బొమ్మలు కూడా. అక్కడ పని చేసినవాళ్లు ఆ విద్యలో చెయ్యి తిరిగిన కళాకారులు. రోజూ ఆ గోడల మధ్యే బతికే జనం ముందు నిలబడి వేశారు, బాగా కుదరకపోతే వాళ్ల పేరే పోయేది. పోనీ, ఔత్సాహికులకు వీధి మీద హక్కే లేదా? ఎందుకు లేదు! మన ఆడవాళ్లు తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తారు, మధ్యాహ్నానికి స్కూటర్లు తొక్కేస్తాయి, మర్నాడు మళ్లీ వేస్తారు. దానికి షామియానా అడగలేదు, ప్రశంసాపత్రం అడగలేదు.

ఊరు అందంగా ఉంటే తప్పేమిటన్న ప్రశ్న అన్నిటికన్నా గట్టిది. ఆ అందం ఎవరి ఖర్చుతో వస్తోందో చూడాలి. పోస్టుకార్డంత సినిమా స్టిల్ మీద గళ్లు గీసి, అదే ముఖాన్ని నలభై అడుగుల కటౌట్‌కి ఎక్కించిన బ్యానర్ ఆర్టిస్టులు మన ఊళ్లలో ఉండేవాళ్లు. షట్టర్ల మీద, లారీల మీద, గోడల మీద ఎనామిల్ పెయింటుతో అక్షరాలు దిద్ది, చివర చిన్నగా ‘ఆర్ట్స్’ అని రాసుకున్నవాళ్లు ఉండేవాళ్లు. ఫ్లెక్సీ వచ్చి వాళ్ల పొట్ట కొట్టింది. మిగిలిన కొద్దిమందికి ప్రభుత్వ గోడలే దిక్కు కావాల్సింది. అక్కడికి వాలంటీర్లు వచ్చారు, ఉప్మాకీ సర్టిఫికెట్‌కీ పని చేసిపెడతామన్నారు. ఉచితంగా దొరికేదానికి ఏ ఇంజనీరు ఎస్టిమేటు వేస్తాడు? ఔత్సాహికుడు తనకు వద్దనుకున్న నష్టభయం ఎక్కడికీ పోలేదు, పూట గడవని ఇంకొకడి నెత్తిన పడింది.

కాబట్టి కమిషనర్ గార్లకు ఒక మనవి. ఈసారి ఫ్లైఓవర్ పిల్లర్‌కి బొమ్మ కావాల్సి వస్తే మీ ఊళ్లో మిగిలి ఉన్న పాత బ్యానర్ ఆర్టిస్టును పిలిపించండి. చదరపు అడుగుకి ఇంతని రేటు మాట్లాడి, పని ముగిసిన రోజే డబ్బు చేతిలో పెట్టండి. ఔత్సాహికులూ తప్పకుండా రావచ్చు. నిచ్చెన కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషి ఎప్పుడూ కావాలి.