మీది ఏ చిప్పు?

లైనక్స్ బాబాయ్ లేని అపార్ట్‌మెంట్ ఉండదు. వయసు యాభై దాటి ఉంటుంది, బ్యాంకులోనో కరెంటాఫీసులోనో ఉద్యోగం. విండోస్ బరువు మోయలేక కూలబడ్డ పాత లాప్‌టాప్ ఏ ఇంట్లో ఉన్నా ఆయనకు వాసన తగులుతుంది. ఇంటికి తెచ్చుకుని లైనక్స్ ఎక్కించి లేపి కూర్చోబెడతారు. లేచిన లాప్‌టాప్‌లో అన్నీ పనిచేస్తాయి, వైఫై తప్ప. అప్పుడు బజారుకెళ్ళి బొటనవేలి గోరంత యూఎస్‌బీ వైఫై ముక్క ఒకటి పట్టుకొస్తారు. పిన్ని కష్టాలు అక్కణ్ణుంచి మొదలు.

మామూలు మనిషైతే ముక్క గుచ్చి చూసి, పనిచేయకపోతే షాపువాణ్ణి నాలుగు తిట్టి మార్చుకొస్తాడు. బాబాయ్ తిట్టరు. కళ్ళజోడు సర్దుకుని, నల్ల తెర తెరిచి ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొడతారు. డబ్బా మీద ఏ పేరు రాసుందో ఆయనకు అక్కర్లేదు. సంబంధం చూడ్డానికెళ్ళిన పెద్దమనిషి కుర్రాడి సూటూ బూటూ వదిలేసి ఇంటిపేరూ గోత్రమూ అడిగినట్టు, లోపలి చిప్పు ఎవరిదని ఆరా తీస్తారు. తెర మీద రెండు నంబర్లు పక్కపక్కన పడతాయి. మొదటిది తయారీదారుది, రెండోది వస్తువుది. “సున్నా బీడీఏ! రియల్‌టెక్ వారబ్బాయిరా!” అంటారు, మేనరికం కలిసినంత సంబరంగా.

“పేరు చూసి పిల్లనివ్వకూడదురా” అని నాకో పాఠం కూడా. ఉదాహరణకి టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్. మొదటి వెర్షన్‌లో ఏథరోస్ ఏఆర్9271 చిప్పు ఉండేది. లైనక్స్‌లో గుచ్చితే చాలు, నెట్ వచ్చేది. రెండో వెర్షన్ నుంచి మోడల్ పేరు అదే, లోపల చిప్పు మాత్రం రియల్‌టెక్. వెర్షన్ సంగతి డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది చదవడానికి బాబాయ్ భూతద్దం తీసుకుని షాపుకెళతారు. షాపువాడు ఆయన్ని చూడగానే కుర్రాణ్ణి ముందుకు తోసి లోపలికెళ్ళిపోతాడు.

మొన్న తెచ్చిన ముక్క ఇంకా ఘటికురాలు. గుచ్చగానే నేను వైఫైని కాదు, సీడీని అంది.

“ఏవండీ, సీడీ డ్రైవు ఎప్పుడో పాతసామాన్లవాడికి వేశారుగా, మళ్ళీ ఈ సీడీ ఎక్కడిది?” అంది పిన్ని.

సంగతేమిటంటే, విండోస్ వాళ్ళ సౌకర్యం కోసం కంపెనీలు డ్రైవరుని ఆ ముక్కలోనే దాచిపెడతాయి. అందుకని మొదట సీడీ వేషం. విండోస్‌లో డ్రైవరు ఎక్కాక వేషం తీసేసి వైఫై అవుతుంది. లైనక్స్‌లో వేషం తీయమని చెప్పడానికి ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ కావాలి. బాబాయ్ అదీ చెప్పారు. లోపలున్నది రియల్‌టెక్ 8821సీయూ చిప్పు అని తేలింది. ఆయన వాడే 5.15 కెర్నెల్‌లో దానికి డ్రైవరు లేదు. బయటి డ్రైవరు తెచ్చి కట్టుకోవాలి, కట్టడానికి కెర్నెల్ హెడర్లు దించుకోవాలి, దించడానికి నెట్ కావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు.

ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి టెథరింగ్ నొక్కారు. క్షణంలో నెట్ వచ్చేసింది.

“హమ్మయ్య! ఇలాగే ఉంచండి, కరెంటు బిల్లు కట్టేస్తాను.”

“అది ఫోన్ నెట్టే! మన నెట్ కాదు!” అని బాబాయ్ గావుకేక పెట్టారు. హెడర్లు దిగగానే కేబుల్ పీకేశారు కూడా.

డ్రైవరు తయారైంది గానీ లోపలికి రానివ్వలేదు. సెక్యూర్ బూట్ ఉన్న చోట సంతకం లేని డ్రైవరుకి ప్రవేశం లేదు. మనమే సంతకం చేసి, ఆ సంతకం తాళంచెవి నమోదు చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, మళ్ళీ ఆన్ చేశాక నీలం తెర మీద అదే అడుగుతుంది. మధ్యలో పిన్ని కాఫీ ఇచ్చింది. పాస్‌వర్డ్ మర్చిపోవడానికి ఆ కాఫీయే కారణమని బాబాయ్ ఇప్పటికీ నమ్ముతారు.

ఆ గండమూ గడిచాక సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది. పక్క నీలం పోర్టులో హార్డ్‌డిస్క్ ఉంది. యూఎస్‌బీ 3.0 రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. బాబాయ్ దాని ప్రతి తీసి ఫైల్లో పెట్టుకున్నారు. విరుగుడు దూరంగా జరపడమే. ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, ముక్కని వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ మేకుకి వేలాడదీశారు. వచ్చినవాళ్ళు దిష్టి కోసమా అని అడుగుతున్నారు. పిన్ని అవునని చెప్పేస్తోంది.

నవ్వుతాం గానీ, ఒక్క విషయంలో న్యాయం బాబాయ్ వైపే ఉంది. డబ్బు తీసుకుని చిప్పు అమ్మిన వాళ్ళు దాని గుట్టు చెప్పకపోతే, పైసా తీసుకోని వాళ్ళెవరో రాత్రిళ్ళు మేలుకుని డ్రైవర్లు రాశారు. ఈయన సగం రోజు పోయినా ఒక్కమాట పరుషంగా అనకపోవడం వాళ్ళ మీద గౌరవం కొద్దీ. పిన్నికి మాత్రం ఆ గౌరవంలో వాటా రాలేదు.

2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నెల్‌లో 8821సీయూ లాంటి కొన్ని రియల్‌టెక్ యూఎస్‌బీ చిప్పులకి డ్రైవరు చేర్చేశారు. బాబాయ్ ఈమధ్యే కొత్త కెర్నెల్‌కి మారారు. ముక్క గుచ్చగానే నెట్ వచ్చింది. ఆపూట ఆయన సరిగ్గా అన్నం తినలేదు. “ఎందుకొచ్చిందే?” అని లాగ్ అంతా తిరగేశారు. తప్పు ఒక్కటీ దొరకలేదు.

పండక్కి కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడు కొత్త లాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ అడిగి, రెండు నిమిషాల్లో ఆఫీసు పనిలో పడ్డాడు. బాబాయ్ కాసేపు చుట్టూ తచ్చాడి, ఆగలేక అడిగారు.

“అల్లుడుగారూ, లోపల వైఫై చిప్పు ఎవరిదండీ?”

“తెలీదు మావయ్యగారూ. ఎప్పుడూ చూడలేదు.”

రాత్రి పడుకోబోతూ పిన్నితో అన్నారట: “కుర్రాడు బంగారమే. కానీ పెళ్ళికి ముందు మనం ఇంకాస్త వాకబు చేయాల్సిందే.”