పంచదార ఉపాఖ్యానం: సటీక, తాత్పర్య సహితం

అవతారిక

శృంగార కావ్యానికి వ్యాఖ్య రాయడం మనవాళ్ళకు కొత్త కాదు. శ్రీనాథుడి శృంగార నైషధానికి వేదం వెంకటరాయశాస్త్రి గారు సర్వంకష వ్యాఖ్య రాశారు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివితే గానీ అందులో సిగ్గుపడాల్సిన చోటు ఎక్కడుందో తెలియదు. మల్లినాథసూరి అయితే మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ వ్యాఖ్యానాలు చేశాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు. మూలమే నాలుగు వాక్యాలు. ఒట్టు పెట్టుకుంటే పేజీ నిండదు.

మూలం దొరికిన వైనం చెప్పాలి. కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభల వెలుగు కింద నిలబడి నాలుగు మిరపకాయ బజ్జీలు కొన్నాను. మూడోది నోట్లో ఉండగా పొట్లం మీద అక్షరాలు కనిపించాయి. బస్టాండు కొట్లో సినిమా పత్రికల వెనక దాచి, గుచ్చిన పిన్నులతో అమ్మే రకం పుస్తకం తాలూకు ఆకు అది. కొనేవాడు అటూ ఇటూ చూసి డబ్బులిచ్చి చొక్కాలో దోపుకునే పుస్తకం. 47వ పేజీ పూర్తిగా నూనెకు ఆహుతైంది. 48వ పేజీ అడుగున, కొత్త కథ మొదలైన చోట, ఈ నాలుగు వాక్యాలు మాత్రం బతికి బట్టకట్టాయి. తాళపత్రాలకు చెదలు ఎలాగో, ఈ వాఙ్మయానికి బజ్జీల నూనె అలాగ.

మూలం

ఇది నిజంగా జరిగిన కథ. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. బయట జోరున వాన. పక్కింటావిడ వచ్చి, కాస్త పంచదార ఉందా అని

ప్రతిపదార్థం

ఇది = రాబోవు వృత్తాంతము; నిజంగా = అబద్ధముగా; జరిగిన = జరుగవలెనని రచయిత కోరుకొనిన; కథ = కథ.

ఈ ఒక్క వాక్యానికీ వేరే టీక అక్కర్లేదు. అయినా విశేషం ఒకటుంది. మన పాత కవి కథను తనకు జరిగినట్టు చెప్పడు. శివుడు పార్వతికి చెప్పినట్టో, సూతుడు శౌనకాదులకు చెప్పినట్టో, చిలక ఇల్లాలికి చెప్పినట్టో చెబుతాడు. మధ్యలో ఒక మనిషినో పక్షినో నిలబెడతాడు. తప్పేమైనా ఉంటే అది చిలకది. బజ్జీ పొట్లం కవికి చిలకను పెంచే స్తోమత లేదు. అందుకని తానే చిలకై, 'నిజంగా జరిగిన కథ' అంటూ వచ్చాడు. ప్రమాణం లేని చోట ప్రమాణపూర్వకంగా చెప్పడం కోర్టులోనే కాదు, ఈ కథల్లోనూ ఉంది.

ఆ మధ్యాహ్నము = ఏ మధ్యాహ్నమో తెలియని మధ్యాహ్నమందు; ఇంట్లో = గృహమందు; ఎవరూ లేరు = ఒక్కరును లేకపోయిరి.

ఇక్కడ ఆగాలి. ఈ రచయిత పల్నాటి వాడు కాడని తేల్చే పదం ఇదే. నరసరావుపేట గానీ, గురజాల గానీ, మాచర్ల గానీ, ఇంట్లో ఎవరూ లేకపోవడం అనే స్థితి ఇక్కడ శాస్త్రసమ్మతం కాదు. మా వీధినే తీసుకోండి. వసారాలో నాయనమ్మ మంచం. ఆవిడకు కళ్ళు సరిగా ఆనవు. అందుకని చెవులతో చూస్తుంది. గేటు గొళ్ళెం చప్పుడును బట్టి వచ్చింది ఎవరో, ఏ పని మీద వచ్చారో, ఎంతసేపుంటారో చెప్పేస్తుంది. మిరపకాయల కాలమైతే డాబా మీద కల్లం. కాయలు తిరగేసే వాళ్ళు ఇద్దరు, కోతుల్ని అదిలించే పిల్లాడు ఒకడు. పక్కింటావిడ పంచదారకు వస్తే జరిగే సంభాషణ ఇది:

"అత్తా, కాసింత పంచదార ఉందా?"

"ఉంది గానీ మొన్న తీసకపోయిన గ్లాసు ఇంకా తిరిగి రాలా. అబ్బాయి లోపల పడుకున్నాడు, లేపబాక. ఇంతకీ మీ ఆయన గుంటూరు నుంచి వచ్చాడా?"

శృంగారం ఆ గ్లాసు దగ్గరే ఆగిపోయింది.

బయట = ఇంటి వెలుపల; జోరున = మిక్కిలిగా; వాన = వర్షము.

వానాకాలం వర్ణన శృంగారానికి ఉద్దీపన విభావమని లాక్షణికులు చెప్పారు. నిజమే. కానీ రెంటచింతల ఎండలో కూర్చుని చదివేవాడికి ఇది ఉద్దీపనం కాదు, ఆశ్చర్యం. రాష్ట్రంలో ఎండల లెక్క చెప్పేటప్పుడు ముందు వినిపించే ఊరి పేరు అది. అక్కడ మధ్యాహ్నం పూట ఒకరి పక్కన ఒకరు కూర్చోవడమే సాహసం. పల్నాటి పాఠకుడి కోసం రాసి ఉంటే ఆ వాక్యం 'కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది' అని ఉండాలి. ఇంకో కష్టమూ ఉంది. రోజంతా మిరపకాయలు కోసి వచ్చిన చేతుల మంట నూనె రాసినా, మజ్జిగ పోసినా పోదు. ఆ చేయి ఎవరి మీద పడ్డా అది శృంగార రసం కాదు, బీభత్సం. ఏ అలంకార గ్రంథంలోనూ ఈ సూత్రం లేదు. అలంకారికుల్లో మిరప రైతులు లేకపోవడమే కారణమై ఉండాలి.

పల్నాటికి రసికుడు పోడని శ్రీనాథుడి పేరుతో ఒక చాటువు తిరుగుతోంది. అక్కడికి వెళితే రంభ అయినా ఏకులు వడకాల్సిందే, రాజైనా నాగలి పట్టాల్సిందే, సాక్షాత్తు మన్మథుడైనా జొన్నకూడు తినాల్సిందేనని దాని సారాంశం. ఆరు వందల ఏళ్ళ కిందటి మాట. మావాళ్ళు దాన్ని నవ్వుతూనే చెప్పుకుంటారు గానీ లోపల కొంచెం గుచ్చుకుంటుంది. దానికి జవాబు మా జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు వినుకొండ కూడా ఇందులోకే వచ్చింది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామం తెలుగులో వీథి నాటకానికి పెద్ద గుర్తు. అంటే రసికుడు పల్నాటికి పోడన్న మాట నిజమేనేమో గానీ, పల్నాటి నుంచి ఓరుగల్లుకు మాత్రం పోయాడు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు మిత్రులు. పొద్దుటి నుంచి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. పూటకూళ్ళింట్లో తింటారు, కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడుతుంటే నిలబడి వింటారు, వేశ్యవాటిక దాకా వెళతారు. పుస్తకమంతా చూపే. ఇద్దరికీ తొందర లేదు. తమాషా ఏమిటంటే, ఈ పుస్తకం అసలు శ్రీనాథుడిదేనని వాదించిన పండితులూ ఉన్నారు. పల్నాటిని తిట్టిన నోరూ, వినుకొండ పేరుతో ఓరుగల్లు వీధుల్ని మెచ్చిన నోరూ ఒకటే అయితే, ఆ చాటువును మేం క్షమించేశాం.

పక్కింటావిడ = పొరుగింటి స్త్రీ.

పేరు లేదు. ఊరు లేదు. చీర రంగు రెండు పేజీల తర్వాత వస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు. పాత లెక్కలో నాయికలు ఎనిమిది మంది: స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. చీర కట్టును బట్టి కాదు, అవతలి మనిషికీ తనకూ మధ్య ఎంత దూరం ఉందో, ఆ దూరాన్ని ఆమె ఎలా భరిస్తోందో దాన్ని బట్టి ఈ పేర్లు. ఒకామె ఎదురుచూస్తోంది, ఒకామె పోట్లాడి పశ్చాత్తాపపడుతోంది, ఒకామె చీకట్లో బయలుదేరింది. ఎనిమిదింటిలోనూ కథ ఉంది. పొట్లం కవి చేతిలో ఎనిమిది మందీ కలిసి ఒక్క పక్కింటావిడ అయ్యారు. ఆవిడకు ఉన్న ఏకైక గుణం పక్కింట్లో ఉండడం.

మా దగ్గర ప్రోషితభర్తృక అంటే ఎవరు? భర్త మిర్చి టిక్కీలు లారీకెత్తుకుని గుంటూరు యార్డుకు వెళ్ళాడు. ధర పడిపోయింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దామని టిక్కీల మీదే పడుకుంటున్నాడు. ఇక్కడ ఆమె రోజూ ఫోనులో 'ధర ఎంత?' అని అడుగుతోంది. అడిగేది ధర గురించి కాదని ఆయనకు తెలుసు. చెప్పేదీ ధర గురించి కాదు. ఇంతకంటే మంచి శృంగార కథ వస్తువు ఇంకేం కావాలి? ఎవరూ రాయరు. పంచదార దగ్గరే ఉండిపోతారు.

కాస్త = కొంచెము; పంచదార = శర్కర; ఉందా = కలదా.

పంచదార అనే చోట 'చక్కెర' అని పాఠాంతరం ఉండవచ్చు. తెలంగాణ ప్రతుల్లో అలాగే ఉంటుంది. అర్థభేదం లేదు, గ్లాసు భేదం మాత్రమే. 'కాస్త' అన్న పదాన్ని మాత్రం తేలిగ్గా దాటకూడదు. మొత్తం వాక్యంలో కళ ఉన్న పదం అదొక్కటే. ఆవిడకు కావలసింది పంచదార కాదని ఆ ఒక్క మాటతో తెలుస్తుంది. ఆనందవర్ధనుడు ధ్వని అన్నది దీన్నే. పేరు తెలియకపోయినా పొట్లం కవి ఒక క్షణం దానిలో కాలు పెట్టి తీశాడు.

అని = ?

ఇక్కడ కాగితం చిరిగింది.

ఛందో విచారము

ఇది వచనం. అయినా పల్నాటి కామేపల్లిలో కూర్చుని 17వ శతాబ్దంలో అప్పకవీయం రాసిన కాకునూరి అప్పకవిని తలచుకోకుండా దాటలేను. ఆయన యతిని గురించి ఎంత రాశాడో చదివినవాళ్ళకు తెలుసు. యతి అంటే విరామ స్థానం. పాదం మధ్యలో ఎక్కడ ఆగాలో తెలిస్తేనే పద్యం నడుస్తుంది. యతికి సన్యాసి అనే అర్థమూ ఉంది. శృంగార కథలో ఈ రెండు అర్థాలూ కలిసి పనిచేస్తాయి. సరైన చోట కాసేపు సన్యాసిగా నిలబడగలిగిన రచయితే కథ నడపగలడు. పొట్లం కవిది యతిభంగం. నాలుగు వాక్యాల్లోనే ఇల్లు ఖాళీ చేశాడు, వాన కురిపించాడు, తలుపు తీశాడు. ఇంక నడవడానికి ఏం మిగిలింది?

పూర్వపక్షము

ఇది అశ్లీలం కదా, దీనికి వ్యాఖ్య ఏమిటి, అని శంక. సమాధానం: అశ్లీల దోషాన్ని అలంకారికులు మూడు రకాలుగా చెప్పారు. సిగ్గు పుట్టించేది, రోత పుట్టించేది, అమంగళం తోపించేది. విసుగు పుట్టించేదాన్ని వాళ్ళు లెక్కలో వేయలేదు. ఈ వాక్యాల మీద నా అభియోగం ఆ నాలుగోది.

అసలైన పుస్తకాల మీద అభియోగం మోపిన కథ వేరే ఉంది. తంజావూరులో ప్రతాపసింహుడి కాలంలో (1739-1763) ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. 584 పద్యాలు. రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికి ఇచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరినీ గదిలోకి పంపి, ఏం చేయాలో కూడా తనే చెప్పి, తర్వాత గది బయట తను కాగిపోతుంది. ఆ అలక తీర్చడానికి కృష్ణుడు కాళ్ళబేరానికి రావాలి. గదిలోపల ఏం జరిగిందన్నది చిన్న సంగతి, గది బయట కూర్చున్న మనిషి లోపల ఏం జరుగుతోందన్నదే కావ్యం. వీరేశలింగం గారికి ఇది నచ్చలేదు. ఒక ఆడమనిషి, అందులోనూ వేశ్య, ఇలా రాయడమేమిటని ఆయన కోపం. బెంగళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి వెదికి తెచ్చి 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకు అక్కర్లేదా అన్నది ఆవిడ వాదం. మరుసటి ఏడు సర్కారు దాన్ని నిషేధించింది. 1947లో గానీ నిషేధం తొలగలేదు. అప్పుడు జడ్జీల ముందు 'ఇంట్లో ఎవరూ లేరు' అన్న వాక్యం పెట్టి ఉంటే ఏమనేవారో. అందులో నేరమూ లేదు, కావ్యమూ లేదు.

సిద్ధాంతము

హంసవింశతిలో హేమవతి రాజు దగ్గరకు బయలుదేరుతుంది. హంస అడ్డం వచ్చి ఒక కథ చెబుతుంది. కథ చివర చిక్కుముడి. ఆలోచిస్తుండగానే తెల్లారుతుంది. ఇలా ఇరవై రాత్రులు. శుకసప్తతిలో చిలకదీ ఇదే పని. అరబ్బు కథల్లో షహర్జాదు ప్రాణం నిలుపుకోవడానికి చెప్పింది, మన పక్షులు పరాయి ఇంటికి పోయే ఇల్లాలిని ఆపడానికి చెప్పాయి. హంసవింశతి రాసిన అయ్యలరాజు నారాయణామాత్యుడు ఆ ఆలస్యాన్ని వృథా పోనివ్వలేదు. దారి పొడుగునా కులవృత్తులు, పనిముట్లు, పిల్లల ఆటలు, తినుబండారాలు గుమ్మరించాడు. ఈనాడు 18వ శతాబ్దపు తెలుగు మాటలు కావలసిన వాళ్ళు ఆ 'బూతు పుస్తకమే' తిరగేస్తారు.

పల్నాటిదీ అడ్డుపడే సంప్రదాయమే. కారెంపూడి యుద్ధానికి ముందు బాలచంద్రుడు భార్య మాంచాల దగ్గరకు వస్తాడు. ఇన్నాళ్ళూ భోగం ఇళ్ళ వెంట తిరిగి ఆమెను పట్టించుకోని వాడు, ఇప్పుడామె అందం చూసి కదల్లేక నిలబడతాడు. వీరవిద్యావంతులు పాడుతుంటే ఆ ఘట్టం దగ్గర జనం నిద్ర మానేస్తారు. ఆమె ఏం చేసింది? కత్తి చేతికిచ్చి పంపింది. ఆ ఒక్క గది, ఆ కాసేపు, ఇన్ని వందల ఏళ్ళుగా పాడుతున్నా పల్నాటికి తనివి తీరలేదు.

తాత్పర్యము

ఒక మధ్యాహ్నమున వాన కురియుచుండగా పొరుగింటి స్త్రీ పంచదార కొరకు వచ్చెను. ఇంటిలో ఎవరును లేకుండుటచే ఆమెను ఆపువారును లేరైరి. ఆపువారు లేకపోవుటచే చదువువాడు పొట్లమును ఉండచుట్టి పారవేసి, నాలుగవ బజ్జీ తినెను.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ 'అని' దగ్గర చిరిగిన కాగితం తిరనాళ్ళ నుంచి ఇంటికి వచ్చేదాకా నన్ను వదల్లేదు. ఆ రచయిత చేయలేని పనిని బజ్జీలవాడు చేశాడు. కథలోని వాడు పంచదార ఇచ్చాడా? ఉంటే ఎంతిచ్చాడు? గ్లాసు తిరిగి వచ్చిందా? 49వ పేజీలో బజ్జీలు తిన్నవారు ఎవరైనా ఉంటే, నూనె ఆరాక ఆ ఆకును పత్రిక చిరునామాకు పంపగలరని మనవి.