ఒకే కోడు, రెండు ఫోన్లు

దుమ్ముగూడెం మండలంలో అడవిని ఆనుకుని ఉన్న ఓ ఊరికి ఖమ్మం నుంచి ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ బస్సెక్కి వచ్చింది. సెకండ్‌హ్యాండ్ సరుకు. మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, భద్రాచలం దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు కుర్రాడు. డిగ్రీ అయింది, ఉద్యోగం దొరకలేదు. కంప్యూటర్‌కి డబ్బు పెట్టింది మేనత్త. ఆకు కోసినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే తునికాకు బోనస్ చేతికి రాగానే, "ఏదన్నా ఒకటి మొదలుపెట్టు అల్లుడా" అని మొత్తం వాడి చేతిలో పెట్టేసింది.

వాడు చెయ్యాలనుకున్నదీ ఆమె కోసమే. వేసవిలో, ఏప్రిల్, మే నెలల్లో, తెల్లవారకముందే అడవిలోకి పోవాలి. ఆకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి, పొద్దు వాలేసరికి ఆకు కొనే కల్లానికి మొయ్యాలి. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. డబ్బు కట్టల లెక్కనే. అత్త ఇంట్లో ఒకసారి, కల్లం దగ్గర దించేటప్పుడు ఇంకోసారి లెక్కబెట్టి నూట ఐదు ఇస్తుంది. కల్లం చూసే కల్లేదారు పుస్తకంలో వంద రాస్తాడు. ఆ ఐదు ఏమయ్యాయంటే ఒకరోజు కొసరంటాడు, ఒకరోజు చిరుగాకంటాడు, ఇంకోరోజు ఎండితే తరుగంటాడు. ప్రతి సాయంత్రం కల్లంలో అత్త గొంతు పక్క గూడేనికి కూడా వినపడేది. మిగతావాళ్ళు తమ బదులు కూడా ఆమే తిడుతోందని ఊరుకునేవాళ్ళు.

కుర్రాడి ఆలోచన సులువైనదే. కల్లేదారు తన ఫోన్లో అంకె కొడితే అదే అంకె కోసినవాళ్ళ ఫోన్లోనూ పడాలి. తర్వాత ఎవరూ దిద్దకూడదు. అందుకు యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్‌ని ఎంచుకున్నాడు. గూగుల్ తయారు చేసింది. 1.0 రూపం 2018 డిసెంబరులో వచ్చింది. డార్ట్ భాషలో ఒక్కసారి రాస్తే ఆండ్రాయిడ్ ఫోన్లోనూ, ఐఫోన్లోనూ అదే యాప్ నడుస్తుంది. ఐఫోన్‌కి కట్టాలంటే మాత్రం యాపిల్ వాళ్ళ మ్యాక్ ఉండాలి. మన కల్లంలో ఐఫోనెవడికుందిలే అని ఆ సంగతి పక్కన పెట్టాడు.

యాప్ రాయడం తర్వాతి మాట, ముందు కంప్యూటర్‌ని దానికి సిద్ధం చెయ్యాలి. ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది దాని తిప్పలు. ఊళ్ళో సిగ్నల్ మెసేజీకి చాలుతుంది గానీ గిగాబైట్లకు చాలదు. భద్రాచలం వెళ్ళి ఫ్లట్టర్ జిప్పునీ, ఆండ్రాయిడ్ స్టూడియోనీ పెన్‌డ్రైవ్‌లో దించుకొచ్చాడు. జిప్పు తెరిచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెడితే అనుమతి లేదంది, సి డ్రైవ్‌లో విడిగా పెట్టాడు. కమాండ్ కొడితే ఫ్లట్టరంటే ఎవరో తెలియదంది విండోస్. బిన్ ఫోల్డర్ దారిని పాత్‌లో చేర్చాక గుర్తుపట్టింది. 'ఫ్లట్టర్ డాక్టర్' అనే కమాండ్ ఇస్తే ఏది ఉందో ఏది లేదో చెబుతుంది. కమాండ్‌లైన్ టూల్స్ లేవంది, దించాడు. లైసెన్సులు ఒప్పుకోలేదంది. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు వచ్చాయి. అత్త కల్లం పుస్తకంలో వేలిముద్ర వేసినట్టే, ఒక్కటీ చదవకుండా అన్నిటికీ 'వై' కొట్టాడు.

ఇంతా చేస్తే, కంప్యూటర్ లోపలే ఫోన్‌ని చూపించే ఎమ్యులేటర్ 4 జీబీ ర్యామ్‌తో కదల్లేదు. చివరికి తన ఫోన్లోనే బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్లు తెరిచి, కేబుల్‌తో తగిలించాడు. తొలి బిల్డ్‌కి, యాప్‌ని కట్టే గ్రేడిల్ మళ్ళీ నెట్ అడిగింది. మధ్యలో కరెంటు పోయింది. మొత్తానికి ఒక రాత్రి ఫోన్లో తెల్ల తెర మీద 'కట్టలు: 0' అని పడింది. అత్తను లేపి చూపించాడు. "సున్నా చూపియ్యడానికి ఇంత కష్టపడ్డావా" అంది ఆవిడ. కోడులో సున్నాని నూట ఐదు చేసి సేవ్ కొట్టాడు. యాప్ మూసి తెరిచే పని లేకుండా ఫోన్లోనూ మారిపోయింది. హాట్ రీలోడ్ అంటారు దాన్ని. ఈసారి అత్త లేచి కూర్చుంది.

యాప్ పూర్తయ్యాక కల్లానికి పట్టుకెళ్ళాడు. కల్లేదారు గొడవ పెట్టుకుంటాడనుకున్నాడు. ఆయన మాత్రం ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు.

"అన్ని ఫోన్లల్లో నడుస్తదా తమ్ముడూ?"

"ఆండ్రాయిడైనా, ఐఫోనైనా సరే అన్నా. రాసేది ఒకటే కోడు."

"మా సేటుది ఐఫోన్."

"దానికి మ్యాక్ కావాలన్నా."

"మ్యాకు సంగతి సేటు చూసుకుంటడు. నాకొక్కటి చెప్పు." దగ్గరికి జరిగాడు. "నేను నూట ఐదు కొడతా. సేటు ఫోన్లో నూట ఐదే పడాలె. కోసేటోళ్ళ ఫోన్లో వంద పడాలె. ఐతదా?"

ఫోను ఐఫోనా కాదా అని కనుక్కోవడానికి డార్ట్‌లో ఒక్క షరతు చాలు. కుర్రాడికి తెలుసు. కాదని చెప్పబోయాడు. కల్లేదారు జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. "ఇందులో కొసరు పట్టుకోను తమ్ముడూ."

కొన్నాళ్ళకు ఆకు కోసేవాళ్ళ ఫోన్లన్నిట్లోకీ యాప్ ఎక్కింది. అత్త ఎప్పట్లాగే రెండుసార్లు లెక్కబెట్టి నూట ఐదు కట్టలు దించింది. కల్లేదారు అందరి ముందూ అంకె కొట్టాడు. ఆమె ఫోన్లో వంద పడింది. ఈరోజు తిట్లు ఎలా ఉంటాయోనని కల్లమంతా చెవులు రిక్కించింది.

అత్త పక్కనున్న కుర్రాణ్ణి అడిగింది. "నూరేనా అల్లుడా?"

"నూరే అత్తా."

"ఐతే ఇన్నేళ్ళూ నేనే లెక్క తప్పినా" అంటూ కల్లేదారుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

సేటు ఐఫోన్లో నూట ఐదు పడింది.