తుప్పుకు సంజాయిషీ అడిగేదెవరు? – పురపాలక కమిషనర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక కమిషనర్ గార్లకు, పట్టణ పౌరులు నమస్కరించి వ్రాయునది.

విషయం: షెడ్డు వెనక పడి ఉన్న సామాను గురించి.

అయ్యా, అమ్మా,

భూమి అమ్మడంలో సర్కారు వారికి చెయ్యి తిరగలేదని ఎవరూ అనరు. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వారు కోకాపేట నియోపొలిస్‌లో 45.33 ఎకరాలను ఆన్‌లైన్ వేలానికి పెట్టారు. సర్కారు వారి పాట ఎకరా 35 కోట్లు. ఒక ప్లాటులో ఎకరా 100.75 కోట్ల దాకా పోయింది. ఒక్కరోజులో 3,319 కోట్ల పైచిలుకు లెక్క తేలింది. మట్టి ఇంత బాగా అమ్మగలవారికి ఇనుము అమ్మడం ఎందుకు రాదన్నదే పౌరుల సందేహం.

ఏ ఊరి శానిటేషన్ షెడ్డు వెనక్కి వెళ్లినా దృశ్యం దాదాపు ఒక్కటే. టైర్లు నేలలోకి కుంగిన ట్రాక్టరు. బ్యాటరీ ఉండాల్సిన చోట రెండు తెగిన వైర్లు. ట్రాలీ నిండా పాత సోడియం వీధి దీపాల డబ్బాలు. వాటి మూతలు తెరిచి చోక్‌లు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు, రాగి ఉండేది అందులోనే కాబట్టి. మిగిలిన అల్యూమినియం డొప్పల్లో వాననీళ్లు, దోమలు. ఆ దోమల మీదికి ఫాగింగ్ చేద్దామంటే ఆ మిషనూ అక్కడే ఓ మూల చెడిపోయి ఉంటుంది. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారాయి, ఆపైన ఊరూరా అదే బాట. స్తంభం ఎక్కిన కొత్త దీపానికి ప్రారంభోత్సవం ఫోటో దొరుకుతుంది. దిగిన దీపం ఎటు పోయిందో చెప్పే కాగితమే దొరకదు.

కాగితాల్లో ఆ ట్రాక్టరు ఇంకా బతికే ఉంది. దాన్ని అమ్మాలంటే ఇంజనీరు పనికిరాదని రాయాలి, రవాణా శాఖ వారు చూసి విలువ కట్టాలి, కమిటీ కూర్చోవాలి, ఫైలు పైకి వెళ్లి కిందికి రావాలి. ఈ వరసలో ఎవరికీ తొందర ఉండదు. ఉండనక్కర్లేదు కూడా. రెండు వేలు తక్కువకు అమ్మితే ఆడిట్ అభ్యంతరం, సంజాయిషీ, రిటైరయ్యాక కూడా వెంటపడే ఫైలు. అమ్మకుండా పదేళ్లు తుప్పు పట్టనిస్తే అడిగే నాథుడు లేడు. సంతకం పెట్టినవాడికి భయం, పెట్టనివాడికి నిశ్చింత. తప్పు స్టోర్‌కీపర్‌ది కాదు, ఈ లెక్కది.

కేంద్ర ప్రభుత్వ శాఖలకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమావళి ఈ సంగతిని చిక్కుల్లేకుండానే తేల్చింది. వస్తువు ఎందుకు అక్కర్లేదో రాసిపెట్టాలి. మిగిలి ఉన్న విలువ 2 లక్షలు దాటితే ప్రకటన ఇచ్చి టెండరైనా పిలవాలి, బహిరంగ వేలమైనా వేయాలి. వేలంలో పాట ఖాయమైతే అక్కడికక్కడే కనీసం 25 శాతం ధరావతు కట్టించుకోవాలి. మీకూ రాష్ట్రాల నిబంధనలు ఉన్నాయి, కాదనడం లేదు. అవి అటకెక్కాయనే బాధ.

వాహనాల విషయంలోనైతే సాగదీతకు గడువే తీరిపోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు. మున్సిపాలిటీలు, పంచాయతీల వాహనాలూ అందులోకే వస్తాయి. ఇక వాటిని రిజిస్టరైన తుక్కు కేంద్రానికి పంపాల్సిందే. పదో ఏట అమ్మి ఉంటే ఏ రైతో కొని దుక్కి దున్నుకునేవాడు. పదహారో ఏట దాని విలువ తూకంలోనే.

వేలం వేసిన సందర్భాల్లోనూ మరో తిరకాసు ఉంది. నోటీసు ఆఫీసు గోడకు, అదీ పాట ముందు రోజు అంటిస్తే, వచ్చే నలుగురూ టీ కొట్టు దగ్గరే రింగైపోతారు. ఒకడు పాడతాడు, ముగ్గురు ఆవలిస్తారు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2025లో 35 లక్షలు. భక్తి, పరువు ఆ ధరలో ఉన్నాయి, నిజమే. కానీ పాట ఏ రోజో, ఎక్కడో రాష్ట్రమంతటికీ తెలుసు, ఎవరెంత పాడారో మైకులో వినిపిస్తుంది. లడ్డూకు ఉన్నపాటి బహిరంగత లారీకి ఉండొద్దా? అందుకు వేదిక వెతకనక్కర్లేదు: 1964 నుంచి ఉన్న ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలాలు నడుపుతోంది. కోకాపేట పాట జరిగిందీ అక్కడే.

పౌరుల విన్నపం చిన్నదే. ఏటా డెడ్‌స్టాకు జాబితాను ఫోటోలతో, కొన్న ఏడు, కొన్న ధరతో వెబ్‌సైటులో పెట్టండి. అమ్మాక ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో అదే పేజీలో రాయండి. పాదరసం ఉండే ట్యూబులైట్లను, సీసం ఉండే బ్యాటరీలను ఇనుప తుక్కులో కలపకండి. తక్కువ ధరకు అడిగే సంజాయిషీని ఆలస్యానికీ అడగండి.

ఇట్లు,
ఇంటి పన్ను బకాయి లేని పౌరులు

తా.క.: తిరుమల హుండీలో భక్తులు వేసిన చేతి గడియారాలను టీటీడీ వారు కొత్తవి, వాడినవి, కొంత దెబ్బతిన్నవి అని విడదీసి, లాట్లు కట్టి, ఈ-వేలం తేదీని పత్రికల్లో ముందే ప్రకటిస్తారు. కాబట్టి ఈ విషయమై విదేశీ అధ్యయన యాత్రకు కౌన్సిల్‌లో తీర్మానం పెట్టనక్కర్లేదు. తిరుపతి బస్సు టికెట్టు చాలు.