మా రోజుల్లో ముందు నిలబడటం నేర్పేవాళ్లం

మొన్న చైత్రంలో మా తమ్ముడి మనవడు హైదరాబాదు నుంచి ఒక ఆడగుర్రాన్ని తెచ్చి మా గురజాల చేలో దించాడు. ఎర్రటి ఒళ్లు, నల్లటి జూలు, ఏడేళ్ల వయసు. పందేల్లో పరిగెత్తి పరిగెత్తి బయటికి వచ్చిన గుర్రం. పదిహేనో రోజుకే దాన్ని మూడడుగుల అడ్డం మీదికి తోలాడు. మూడుసార్లు పక్కకు తప్పుకుంది. నాలుగోసారి రొమ్ముతో కట్టెల్ని గుద్దుకుని, ముంగాలి తోలు లేపుకుంది. ఆ వీడియో నాకు చూపించి, "మొండిదాన్ని అంటగట్టారు తాతా" అన్నాడు. నాకు కడుపు తరుక్కుపోయింది. అది మొండిది కాదు. దానికి చెప్పినవాడు లేడు.

నాకు పాతికేళ్లు రాకముందే ఊరొదిలి హైదరాబాదు మలకపేటలో పందెపు గుర్రాలు చూసుకునే సాయీసుగా చేరాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో మౌలాలి నుంచి పందేలు అక్కడికి మారాయని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఒక స్వారీ బడిలో, పందెం మానిన గుర్రాలకు దూకడం నేర్పే చోట పనిచేశాను. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ షహజాదా అనే గుర్రం మీద బంగారు పతకం గెలిచిన రోజు మా లాయంలో అందరం పండగ చేసుకున్నాం. ఆసియా క్రీడల గుర్రపు స్వారీలో మన దేశానికి మళ్లీ వ్యక్తిగత పతకం 2018లో గానీ రాలేదు. ఫవాద్ మీర్జా తెచ్చాడు, వెండిది.

పందెపు గుర్రానికి ఏం తెలుసో ముందు తెలుసుకోవాలి. రెండేళ్లకే అది పందెంలోకి దిగుతుంది. దానికి తెలిసిందల్లా పరుగు. మనం పగ్గం బిగిస్తే ఆగమని కాదు, పట్టు దొరికింది కాబట్టి ఇంకా లాగమని దానికి అర్థం. జాకీ పొట్టి రికాబుల మీద లేచి కూర్చుంటాడు కాబట్టి, పక్కటెముకలకు మనిషి కాలు తగలడమంటే దానికి కొత్త. అది నడుస్తుండగానే జాకీని ఎత్తి జీను మీద వేస్తారు. అందుకే మనిషి ఎక్కేదాకా కదలకుండా నిలబడటం కూడా దానికి రాదు. ఇవేవీ దాని తప్పులు కావు. మనమే అట్లా తయారుచేశాం.

మా రోజుల్లో అలాంటి గుర్రం వస్తే మొదటి రెండు మూడు నెలలు జీనే వేసేవాళ్లం కాదు. ఓట్స్ తగ్గించి, ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండేట్టు చూసేవాళ్లం. పందెపు గుర్రాల్లో చాలావాటికి కడుపులో పుండ్లుంటాయి. కడుపు ఖాళీగా ఉంటే అవి ఇంకా బాధిస్తాయి. పందెపు పల్చటి అల్యూమినియం నాడాలు ఊడదీయించి, డాక్టరు చేత ముంగాళ్ల నరాలు తడిమించి చూసేవాళ్లం. దూకి దిగేటప్పుడు బరువంతా ఆ ముంగాళ్ల మీదే పడుతుంది. మాకు పని నేర్పిన పెద్దాయన అక్కడ చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. వేడి తగిలితే ఆ వారం ఆ గుర్రానికి నడకే.

తర్వాత ఎక్కడం. ఎక్కేవాడు సర్దుకుని కూర్చునేదాకా అది నిలబడాలి. అక్కడికే ఒక నెల పట్టేది. ఆ మీద కుడివైపు, ఎడమవైపు పెద్ద పెద్ద గుండ్రాలు, దుల్కీలో. తర్వాత నేలమీద ఒక వాసం. దాని మీదుగా నడక. అది తల వంచి చూసుకుని, తొందరపడకుండా దాటితే నాలుగు వాసాలు, నాలుగున్నర అడుగుల ఎడంతో, దుల్కీలో. గుర్రానికి ముక్కు కింద, నుదుటి ముందు సరిగ్గా కనపడదు. అడ్డం దగ్గరికి వచ్చేకొద్దీ తల కదుపుకుని ఎంత దూరముందో అంచనా వేసుకుంటుంది. ఆ ఘడియలో పగ్గం లాగామా, దాని కళ్లు కట్టినట్టే. ఇవన్నీ అయ్యాకే రెండు వాసాలు కత్తెరలా పెట్టి, నడిమధ్యన అడుగెత్తు. దానికి తొమ్మిదడుగుల ముందు నేలమీద ఇంకో వాసం, ఎక్కడ లేవాలో గుర్రానికి అదే చెబుతుంది. దూకడం వారానికి రెండు రోజులు, అంతే.

ఇప్పుడో? తెచ్చిన నెలకే వీడియో కావాలి. ఎత్తు కనపడాలి, లెక్క కనపడాలి. గుర్రం తల ఎగరేస్తే నోట్లో ఇంకా గట్టి కళ్లెం. ఆగకపోతే ఇంకో తాడు. నేను చెబితే "అది పాత పద్ధతి తాతా" అంటాడు మనవడు. ఏంది పాత పద్ధతి? దూకే గుర్రం మీద ముందుకు వంగి, నోటిని స్వేచ్ఛగా వదలాలని ఇటలీలో కాప్రిల్లీ నూరేళ్ల కిందట చూపించాడు. లోకమంతా ఈనాటికీ అట్లాగే దూకుతోంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జో ఫార్గిస్ బంగారం గెలిచిన గుర్రం టచ్ ఆఫ్ క్లాస్. అదీ ఆడగుర్రమే, పందేల్లో ఒక్కటీ గెలవలేదు. దానిలో ఉన్నదాన్ని ఎవరో ఓపికపట్టి బయటికి తీశారు.

పల్నాట్లో ఈ మాట చెప్పాల్సిన పనే లేదు. బండలాగిన ఎద్దును తెచ్చి మర్నాడే నాగలికి కడితే సాలు తిన్నగా రాదని మా నాన్న తరం రైతుకు తెలుసు. కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు పక్కన ముదురు ఎద్దును కట్టేవాళ్లు. ముందు ఊరికే ఒక దుంగ లాగించి, తర్వాత ఖాళీ బండి, ఆ తర్వాతే బరువు. పశువును చూసి నెలలు లెక్కపెట్టుకునే ఓపిక ఈ నేలలోనే ఉండేది. ఎక్కడ పోయిందో.

చివరికి మనవడి గుర్రాన్ని నేనే తీసుకున్నాను. నేల గట్టిది, నాపరాయి మీద పలచటి మన్ను, కాబట్టి ట్రాక్టరుతో ఇసుక తోలించి పరిపించాను. రెంటచింతల పక్కనున్న మాకు ఎండ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున అరగంట నడక, తొట్టినిండా నీళ్లు, దాణాలో ఉప్పు. వైశాఖమంతా జీను తగిలించలేదు. శ్రావణంలో తగిలించాను.

భాద్రపదం వచ్చింది. నిన్న పొద్దున మనవడు వచ్చి, ఏం మాట్లాడకుండా రికాబులో కాలు పెట్టాడు. అది చెవులు ఒకసారి వెనక్కి తిప్పి, వాడు సర్దుకుని కూర్చునేదాకా నాలుగు గిట్టలూ నేలకు ఆనించి నిలబడింది. వాసం ఇంకా ఒక్కటీ దించలేదు, చూరు కిందే ఉన్నాయి.