ఏసీని తిట్టకండి, బోటు అడుగు చూడండి

ఇప్పటి కుర్రాళ్లు బోటు ఏసీకి సముద్రపు నీళ్లు లాగే ఫిట్టింగ్‌ని ఫోన్‌లో బొమ్మ చూసి తెప్పించేస్తున్నారు. హోసు ముప్పావు అంగుళమైతే ఫిట్టింగూ ముప్పావు, అంతే! మా రోజుల్లో అలా కాదు. దుబాయ్ జద్దాఫ్ యార్డులో బోటుని పైకి లాగితే, ఫోర్‌మన్ ముందు దాని కింద వెల్లకిలా పడుకునేవాడు. షాఫ్టు ఎక్కడుంది, టాయిలెట్ నీళ్లు ఎక్కడ బయటికి పోతాయి, అడుగున ఏ పట్టీ దగ్గర నురగ లేస్తుంది, ఇవన్నీ చూశాకే ఫిట్టింగ్‌కి చిల్లు వేయాల్సిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. ఉద్దానం నుంచి వెళ్లిన మాలాంటి పైప్ ఫిట్టర్లం ఆ సుద్ద గీతల దగ్గరే పని నేర్చుకున్నాం.

ఇంత పట్టింపు ఎందుకంటే, గల్ఫ్‌లో ఎండాకాలం సముద్రమే 32 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లాగిన వేడిని మోసుకుపోవాల్సింది ఆ నీళ్లే. టన్నుకి నిమిషానికి సుమారు 11 లీటర్లు పారాలి. తగ్గితే ఏసీలో గ్యాస్ ప్రెషర్ పెరిగి అది ట్రిప్ అవుతుంది. ఓనరు మెకానిక్‌ని పిలుస్తాడు, అతను గ్యాస్ నింపి పోతాడు, మర్నాడు మళ్లీ అదే గోల. గ్యాస్ నింపితే నీళ్లొస్తాయా?

బోటు పరిగెడుతుంటే, చదునుగా గుండ్రటి చిల్లులున్న ఫిట్టింగ్‌లోకి నీళ్లు సరిగా ఎక్కవు, గాలిబుడగలు దూరతాయి. అందుకే నోరు ముందుకి తిరిగిన స్కూప్ పెట్టేవాళ్లం. దాని జల్లెడ ఊడదీసేదై ఉండాలి. లేకపోతే లోపల పట్టిన బార్నకిల్ గుల్లల్ని గీకలేం. ఈ ఏసీ పంపులు కిందినుంచి నీళ్లు పీల్చుకునే రకం కావు, నీళ్లు తమంతట తాము పంపు దాకా రావాలి. కాబట్టి పంపు నీటిమట్టానికి దిగువన ఉండాలి, హోసు అడుగునుంచి ఏసీ దాకా ఎక్కుతూనే పోవాలి. ఇప్పుడేమో హోసుని దూలం మీదుగా ఎక్కించి దించుతున్నారు. ఆ వంపులో గాలి కూర్చుంటే పంపు ఉత్తినే తిరుగుతుంది. ఇంకొందరు చిల్లు ఖర్చు మిగులుతుందని ఇంజను లైనుకే టీ వేస్తున్నారు. ఇంజను స్టార్ట్ చేయగానే నీళ్లన్నీ అదే లాక్కుంటుంది.

నా అసలు కోపం ఇత్తడి మీద. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోతుంది. పైకి ఫిట్టింగ్ బాగానే ఉంటుంది, చాకుతో గీస్తే పచ్చగా మెరవాల్సిన చోట గులాబీరంగు తేలి, పొడిగా రాలుతుంది. నీటిమట్టం కింద కంచు తప్ప ఇంకో లోహం మా యార్డులో ముట్టేవాళ్లం కాదు. దానికి తోడు, ఫిట్టింగ్ మర తిన్నగా ఉంటుంది, మామూలు బాల్ వాల్వ్ మర కోసుగా ఉంటుంది. రెండింటినీ కలిపితే కొద్ది చుట్లకే పట్టేసినట్టు అనిపిస్తుంది, కానీ పట్టు ఉండదు. అడుగుకి బోల్టులతో బిగించే వాల్వ్, అంటే సీకాకే పెట్టాలి. అమెరికా బోట్ల ప్రమాణాలు రాసే ఏబీవైసీ, సీకాక్ మీద 227 కిలోల బరువు 30 సెకన్లు వేసినా తట్టుకోవాలంటుంది. కాలు జారి ఎవరైనా దానిమీద పడతారని వాళ్లకి తెలుసు.

ఈసారి బోటు పైకి లాగినప్పుడు రంగు వేసేవాళ్లకంటే ముందు మీరే కిందికి దూరండి, చాకు పట్టుకెళ్లండి. గులాబీరంగు కనిపిస్తే, ఆ ఫిట్టింగ్ మార్చకుండా బోటుని నీళ్లలో దించనివ్వకండి.